చుక్కల లెక్క



రేడియోలో చప్పుడున్న సంగతులు చెబితే బాగుంటుంది. నేను మాత్రం చప్పుడే లేనిదాని గురించి చెప్పడానికి వచ్చాను. ఆసుపత్రిలో మంచం పక్కన స్టాండుకు సెలైన్ బాటిల్ వేలాడుతూ ఉంటుంది. దాని కింద వేలెడంత గొట్టంలో చుక్క వెనక చుక్క పడుతూ ఉంటుంది. వేగం పెరిగినా అది చెప్పదు, ఆగిపోయినా చెప్పదు. ఎవరో ఒకరు నిలబడి చూస్తేనే తెలుస్తుంది. అలా చూడటం నేర్పే చదువు గురించి ఈ నాలుగు మాటలు.

మాది పాణ్యం. నంద్యాలకు పదిహేను, పదహారు కిలోమీటర్లు. పొద్దున ఏడు దాటాక కర్నూలు రోడ్డు మీద నిలబడితే, యూనిఫాం మడిచి సంచిలో పెట్టుకుని బస్సు కోసం చూసే ఆడపిల్లలు కనబడతారు. కొందరిది జి.ఎన్.ఎం., మూడేళ్ల చదువు. కొందరిది బి.ఎస్సీ. నర్సింగు, నాలుగేళ్లు. నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో మొదలయ్యాక ఈ చదువుల మీద మన పల్లెల్లో ఆశ ఇంకా పెరిగింది. ఇరవై ఏళ్ల కిందట నేనూ అదే రోడ్డు మీద బస్సెక్కినదాన్నే. ఇప్పుడు చదివే పిల్లలు సెలవు రోజున మా ఇంటికొచ్చి, "అక్కా, ఐ.వి. థెరపీ పాఠం ఒకసారి చెప్పవా, ప్రాక్టికల్స్ దగ్గరపడినాయి" అంటారు. వాళ్లకు చెప్పేదే మీకూ చెబుతాను. నర్సింగు చదవనివాళ్లు కూడా వినండి. సెలైన్ ఎక్కించుకోని ఇల్లు మన పల్లెల్లో ఎన్ని ఉన్నాయి?

మొదటి చిక్కు భాష దగ్గరే వస్తుంది. మనం "నరం దొరకలేదు", "నరానికి ఎక్కిచ్చినారు" అంటాం. పుస్తకంలో నరం వేరు. అది స్పర్శను, నొప్పిని మోసుకుపోయే తీగ. రక్తాన్ని గుండెకు తిరిగి తీసుకుపోయే గొట్టం సిర. సెలైన్ ఎక్కేది సిరలోకే. ఇంతలో పాఠమేమో ఇంగ్లీషులో ఉంటుంది. పదో తరగతి దాకా తెలుగులో చదివిన పిల్ల ఇన్‌ఫిల్ట్రేషన్, ఎక్స్‌ట్రావసేషన్, ఫ్లెబైటిస్ అనే మూడు మాటల్ని కళ్లు మూసుకుని బట్టీ పడుతుంది, మూడింటినీ కలిపేస్తుంది. నేను ముందు పుస్తకం మూయిస్తాను. "మీ జేజికి చెప్పినట్టు చెప్పు" అంటాను. సూది సిర లోంచి జారి, సెలైన్ నీళ్లు చర్మం కింద పక్కకు పోవడం ఒకటి. అలా పక్కకు పోయింది ఉత్త నీళ్లు కాకుండా కండను కాల్చే మందు కావడం రెండోది. సిర గోడ వాచి ఎర్రబడి, తాకితే తాడులా గట్టిగా తగలడం మూడోది. జేజికి చెప్పగలిగిన పిల్ల ఆ మూడు ఇంగ్లీషు పేర్లను మళ్లీ కలపదు.

తర్వాత సూది. అందరికీ దానిమీదే భయం, దానిమీదే మోజు. సూదితో పాటు సిరలోకి పోయే ప్లాస్టిక్ గొట్టాన్ని క్యానులా అంటారు, వాటికి రంగులుంటాయి. నారింజ 14, బూడిద 16, ఆకుపచ్చ 18, గులాబి 20, నీలం 22, పసుపు 24. అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది. ఇది తలకిందుల లెక్క కాబట్టి మొదటేడు పిల్లలు తప్పకుండా పొరబడతారు. వార్డులో అంకెలు ఎవరూ అనరు, "పింక్ వెయ్", "గ్రీన్ తీసుకురా" అంటారు. తమ్మరాజుపల్లె ఘాట్ దగ్గర లారీ బోల్తాపడి రక్తం పోయిన మనిషి వస్తే ఆకుపచ్చ గానీ అంతకన్నా లావుది గానీ కావాలి, ఆకుపచ్చలో నిమిషానికి సుమారు 90 మిల్లీలీటర్లు దూసుకుపోతుంది. నీలంలో అందులో సగం కూడా పోదు. పసిబిడ్డకు పసుపు. రోగికి ఎంత ద్రవం ఎంత తొందరగా కావాలో తెలిశాకే రంగు ఎంచుకోవాలి. మన చేతికి ఏది సులువుగా దూరుతుందన్నది ఆ తర్వాతి మాట.

సిరను కంటితో వెతకొద్దు, వేలితో వెతకండి. పైకి నీలంగా ఉబ్బి కనబడేది ఒక్కోసారి పక్కకు జారిపోతుంది. సైకిల్ ట్యూబులో గాలి ఉందో లేదో వేలితో నొక్కి చూస్తాం కదా, అలా నొక్కితే మెత్తగా దిగి తిరిగి పైకి లేవాలి. గట్టిగా తాడులా ఉంటే అది సిర కాకపోవచ్చు, స్నాయువు కావచ్చు. వేలి కింద కొట్టుకుంటుంటే అది ధమని, దాన్ని వదిలెయ్యాలి. పొలం పని చేసిన చేతుల్లో చర్మం మందంగా ఉన్నా కింద సిర దిట్టంగా ఉంటుంది. ముసలివాళ్లకు పైకే కనబడుతుంది గానీ గోడ పలచన, ముట్టుకుంటే చిట్లుతుంది. ఈ తేడా పుస్తకంలో ఒక్క వరుసే ఉంటుంది. వేలికి తెలియాలంటే వంద చేతులు పట్టుకోవాలి.

గుచ్చేముందు చేసే పనులు అంతకన్నా ముఖ్యం. చేతులు కడుక్కోవాలి. రోగిని "నువ్వు ఫలానా కదా?" అని అడగొద్దు. జ్వరం మీదున్న మనిషి దేనికైనా తలూపుతాడు. "నీ పేరేంది నాయనా?" అని అడిగి, చెప్పిన పేరును కేస్ షీట్‌తో సరిచూసుకోవాలి. సిర ఉబ్బేందుకు పట్టీని గుచ్చేచోటికి నాలుగైదు వేళ్ల పైన కట్టాలి, నిమిషానికి మించి ఉంచకూడదు. స్పిరిట్‌తో తుడిచాక ఆరనివ్వాలి. ఆరకముందే గుచ్చితే మంట, పైగా క్రిములూ చావవు. తుడిచిన చోటును మళ్లీ వేలితో తాకితే తుడిచిన పని వృథా. సూది నోరు పైకి ఉండేట్టు, చర్మాన్ని కింది నుంచి బిగించి పట్టుకుని, వాలుగా పోనివ్వాలి. సూది వెనక ఉన్న చిన్న గదిలో ఎర్రగా రక్తం మెరవగానే చాలామంది పిల్లలు సంతోషంతో అక్కడే ఆగిపోతారు. అప్పటికి సూది మొన మాత్రమే సిరలో ఉంటుంది, ప్లాస్టిక్ గొట్టం ఇంకా బయటే. సూదిని కొంచెం పడుకోబెట్టి, ఒక్క పిసరు ముందుకు జరిపి, దాన్ని కదలకుండా పట్టుకుని గొట్టాన్ని మాత్రం లోపలికి జార్చాలి. కుదరలేదని, బయటికి లాగిన సూదిని మళ్లీ గొట్టంలోకి దూర్చే ప్రయత్నం ఎన్నడూ చేయొద్దు. మొన గొట్టాన్ని కోసిందంటే ఆ ముక్క రక్తంలో కొట్టుకుపోతుంది. రెండుసార్లు తప్పితే పక్కకు జరిగి ఇంకొకరిని పిలవండి. మూడోసారి గుచ్చేది రోగి కోసం కాదు, మన పంతం కోసం.

ఇంతవరకూ వారం, పది రోజుల్లో చెయ్యి నేర్చుకుంటుంది. అసలు చదువు గొట్టానికి ప్లాస్టర్ అంటించాక మొదలవుతుంది.

ఇది నా సొంత అభిప్రాయం కాదు, ఈ చికిత్స పుట్టిన రోజే తెలిసిన సంగతి. 1831లో ఇంగ్లండులో కలరా ప్రబలినప్పుడు ఓషానెస్సీ అనే ఇరవై రెండేళ్ల ఐరిష్ యువకుడు రోగుల రక్తాన్ని పరీక్షించాడు. నీరూ, ఉప్పులూ పోయి రక్తం చిక్కబడుతోందని, పోయినదాన్ని తిరిగి సిరలోకి ఎక్కించాలని రాశాడు. ఈయనే తర్వాత మన దేశానికి వచ్చి కలకత్తా మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పాడు, దేశానికి టెలిగ్రాఫ్ తీగలు వేయించాడు. ఆయన రాసింది చదివి, 1832 మే నెలలో స్కాట్లాండులోని లీత్ ఊరి థామస్ లట్టా అనే డాక్టరు ఒక ముసలామెకు మొదటిసారి ఉప్పునీరు ఎక్కించాడు. నాడి అందడం లేదు, కళ్లు గుంటలుపడ్డాయి, ఒళ్లు చల్లబడింది. ఔన్సు వెనక ఔన్సుగా అరగంటలో మూడు లీటర్ల దాకా పోయింది. ఆమె కళ్లు తెరిచింది. నాడి తిరిగొచ్చింది, చేతులు కాళ్లు వెచ్చబడ్డాయి. ఇక భయం లేదనుకుని లట్టా ఆమెను ఆసుపత్రి సర్జనుకు అప్పగించి వెళ్లిపోయాడు. ఆయన అటు పోగానే వాంతులు, విరేచనాలు మళ్లీ మొదలయ్యాయి. ఎవరూ మళ్లీ ఎక్కించలేదు. అయిదున్నర గంటల్లో ఆమె కన్నుమూసింది. లట్టా ఈ సంగతి దాచుకోలేదు, లాన్సెట్ పత్రికలో అచ్చయిన ఉత్తరంలో ఉన్నదున్నట్టు చెప్పాడు. మరుసటి ఏడాది ఆయనా పోయాడు. సూది పని చేసింది, మందు పని చేసింది, ఆ తర్వాత మంచం దగ్గర ఉండాల్సిన మనిషి లేకపోయాడు. సెలైన్ చదివే ప్రతి పిల్లా ఆ ముసలామె కథతో పాఠం మొదలుపెట్టాలని నా కోరిక.

ఇప్పుడు లెక్కకొద్దాం. పరీక్షలో పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. మామూలు ఐ.వి. సెట్టులో 20 చుక్కలు పడితే ఒక మిల్లీలీటరు. పిల్లలకు వాడే మైక్రో సెట్టులో 60 చుక్కలకు ఒక మిల్లీలీటరు. డాక్టరు 500 మిల్లీలీటర్లు 8 గంటల్లో పోవాలని రాశాడనుకోండి. 500ను 20తో హెచ్చవేస్తే 10,000 చుక్కలు. 8 గంటలంటే 480 నిమిషాలు. భాగిస్తే నిమిషానికి 21 చుక్కలు. ఇది పెద్ద లెక్కగా అనిపిస్తే ఒక సులువు ఉంది. గంటకు ఎన్ని మిల్లీలీటర్లో తెలుసుకుని మూడుతో భాగించండి. మైక్రో సెట్టయితే భాగించే పనే లేదు, గంటకు ఎన్ని మిల్లీలీటర్లో నిమిషానికి అన్ని చుక్కలు.

లెక్క వచ్చాక దాని వెనక మనిషిని చూడాలి. 2021 ఏప్రిల్‌లో మన మండలంలోనే గోరుకల్లులో అతిసారం ప్రబలింది. పదులకొద్దీ జనం ఆసుపత్రుల పాలయ్యారు. అలాంటి రోజున నీళ్లంతా పోయి, నాడి పలచబడి, స్పృహ తప్పుతున్న యాభై కిలోల మనిషి వచ్చాడనుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతి ప్రకారం కిలోకు 100 మిల్లీలీటర్ల చొప్పున రింగర్ లాక్టేట్ అనే ఉప్పునీటి ద్రవం 5 లీటర్లు 3 గంటల్లో పోవాలి. అందులో లీటరున్నర మొదటి అరగంటలోనే. చుక్కల్లో చెబితే నిమిషానికి వెయ్యి! ఎవరూ లెక్కపెట్టలేరు, అది చుక్క కాదు, ధార. అందుకే రెండు చేతులకూ లావు క్యానులాలు వేసి, రెండు బాటిళ్లు పూర్తిగా తెరిచి, పావుగంటకోసారి నాడి చూస్తారు. అదే వార్డులో పక్క మంచం మీద గుండె జబ్బున్న ముసలాయన. ఆయనకు 21 చుక్కలే. గొట్టం మీద వేగాన్ని అదుపు చేసే చక్రం జారి ఆయన బాటిల్ ధార కట్టిందంటే ఎక్కిన నీరు ఊపిరితిత్తుల్లో చేరుతుంది. దగ్గు, ఆయాసం, వెల్లకిలా పడుకోలేకపోవడం. అప్పుడు డ్రిప్ ఆపి, కూర్చోబెట్టి, ఆక్సిజన్ పెట్టి, డాక్టరును పిలవాలి. బాటిల్ ఒకటే, గొట్టం ఒకటే, ఇద్దరికీ ఎక్కింది ఉప్పునీరే. ఒకరికి నెమ్మదిస్తే ప్రాణం పోతుంది, ఒకరికి తొందరపడితే ప్రాణం పోతుంది. ఈ తేడా తెలియని చేతికి చక్రం అప్పగించకూడదు.

ఎనిమిది కిలోల, ఎనిమిది నెలల బిడ్డయితే మళ్లీ వేరు. మొదటి గంటలో 240 మిల్లీలీటర్లు, తర్వాత అయిదు గంటల్లో 560. ఏడాది లోపు బిడ్డకు పెద్దవాళ్ల వేగం పనికిరాదు.

మందులు కలిపే సంగతి పుస్తకంలో చాలా ఉంది, నేను రెండు మూడే చెబుతాను. రక్తం ఎక్కించే గొట్టంలోకి నార్మల్ సెలైన్ తప్ప మరొకటి పోనివ్వకండి, గ్లూకోజు తగిలితే రక్తకణాలు పగులుతాయి. సెఫ్ట్రయాక్సోన్‌ను రింగర్ లాక్టేట్‌తో కలపొద్దు, అందులోని కాల్షియంతో కలిసి గడ్డలు కడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం పొటాషియం క్లోరైడ్. పది మిల్లీలీటర్ల చిన్న ఆంపూల్, చూడటానికి అచ్చం డిస్టిల్డ్ వాటర్. బాటిల్‌లో కలిపి, బాగా తిప్పి, గంటల తరబడి నెమ్మదిగా పోవాల్సిన మందు అది. సిరంజిలోకి లాగి నేరుగా ఇస్తే గుండె ఆగుతుంది, తిరిగి తెచ్చుకునే వ్యవధి ఉండదు. ఆంపూల్ మీద పేరు తీసేటప్పుడు ఒకసారి, విరిచేటప్పుడు ఒకసారి, పారేసేటప్పుడు ఒకసారి చదవండి. రాత్రి రెండు గంటలకు నిద్ర ముంచుకొస్తున్నప్పుడు కూడా.

రెండో సంవత్సరంలో నాకు జరిగినది చెబుతాను. రాత్రి డ్యూటీ. కోయిలకుంట్ల వైపు నుంచి వచ్చిన ఒక అవ్వకు కుడిచేతికి డ్రిప్ ఉంది. నేను గంటకోసారి పోయి చుక్కలు లెక్కపెట్టాను. లెక్క సరిపోయింది, షీటులో రాసుకున్నాను. అవ్వ దుప్పటి కప్పుకుని నిద్రపోతోందనుకున్నాను. తెల్లారి దుప్పటి తీస్తే చెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా ఉబ్బి, తెల్లబడి, చల్లగా ఉంది. గొట్టం ఎప్పుడో సిర లోంచి జారింది. సిర వదిలినా చుక్క పడుతూనే ఉంటుంది, నీళ్లు చర్మం కిందికి పోతుంటాయి. నాకు ఆ సంగతి పుస్తకంలో తెలుసు, మంచం దగ్గర తెలియలేదు. "పిలవకపోతివే అవ్వా" అన్నాను. "నువ్వు అటూ ఇటూ తిరుగుతాంటివి కదమ్మా, పిల్చి సతాయించడం ఎందుకులే అని ఓర్చుకున్న్యా" అంది. మా సీనియర్ సిస్టరు వచ్చి గొట్టం తీసి, చెయ్యి దిండ్ల మీద ఎత్తి పెట్టి, నన్ను ఒక్క మాట అనకుండా ఎడమచేతికి కొత్త లైను వేసింది. పోయింది ఉత్త సెలైన్ కాబట్టి రెండు రోజుల్లో వాపు తీసింది. అదే వేరే మందయి ఉంటే ఆ చెయ్యి ఏమయ్యేదో. ఆమె తిట్టి ఉంటే ఆ రోజే మరిచిపోయేదాన్నేమో. ఇప్పటికీ నేను వార్డులో అడుగుపెడితే ముందు దుప్పటి తొలగించి చెయ్యి చూస్తాను, తర్వాత మనిషి ముఖం, ఆ తర్వాతే చుక్కలు.

ఆ చెయ్యి చూడటానికి కూడా కొలత ఉంది. సున్నా నుంచి అయిదు దాకా మార్కులు. గుచ్చినచోట ఏమీ లేకపోతే సున్నా. కొంచెం నొప్పో, కొంచెం ఎరుపో ఉంటే ఒకటి, కనిపెట్టుకుని ఉండాలి. నొప్పి, ఎరుపు, వాపుల్లో రెండు కలిస్తే రెండు, ఇక ఆ క్యానులా తీసేసి వేరేచోట వేయాలి. మూడు, నాలుగు దాకా ఆగడం అంటే రోగి బాధను మనం లెక్కలోకి తీసుకోకపోవడమే.

ఇక ఇంట్లో వింటున్న పెద్దలకు ఒక మనవి. "సిస్టరమ్మా, మా నాయన నీరసంగా ఉండాడు, ఒక గ్లూకోజు బాటిల్ ఎక్కిచ్చు" అని ప్రతి రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. అడిగేవాళ్ల ప్రేమ నాకు తెలుసు. తండ్రికి ఏదో ఒకటి చేయాలన్న తపన అది. కానీ ఆ బాటిల్‌లో ఏముందో కూడా తెలుసుకోవాలి. అర లీటరు నార్మల్ సెలైన్‌లో నాలుగున్నర గ్రాముల ఉప్పు, మిగతాది నీళ్లు. అర లీటరు 5 శాతం గ్లూకోజులో 25 గ్రాముల చక్కెర. దాన్నుంచి ఒంటికి వచ్చే శక్తి 85 క్యాలరీలు. ఒక జొన్నరొట్టెలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది. నోటితో తాగగలిగిన మనిషికి, తిన్నది ఇముడుతున్న మనిషికి సిరలోకి దారి తీయడం అంటే క్రిములకూ వాపులకూ ఒక వాకిలి తెరవడం. మే నెలలో నలభై నాలుగు, నలభై అయిదు డిగ్రీల ఎండలో మిరప కోసి వచ్చి కళ్లు తిరిగినవాళ్లకు నీడ, మజ్జిగ, ఓ.ఆర్.ఎస్. మొదటి వైద్యం. స్పృహ తప్పితే, ఏది తాగినా వాంతి అయిపోతుంటే, మూత్రం రాకుండా పోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రావాలి, అప్పుడు సెలైన్‌కు సాటి లేదు.

ఆ ఓ.ఆర్.ఎస్. పొట్లాన్ని చిన్నచూపు చూడకండి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నాడు బనగాఁవ్ శరణార్థి శిబిరంలో కలరా వచ్చి సెలైన్ బాటిళ్లు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పూ, గ్లూకోజూ నీళ్లలో కలిపి తాగించాడు. నూటికి 30 దాకా ఉన్న మరణాలు నాలుగు లోపుకు దిగాయి. ఎక్కించడానికి నర్సులు చాలని చోట తల్లులే గ్లాసుతో తాగించారు. 2023లో, ఆయన పోయాక, ప్రభుత్వం పద్మవిభూషణ్ ఇచ్చింది. లీటరు పొట్లం మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి, సగం పొట్లం గ్లాసులో పోసి ఇస్తే ఉప్పు ఎక్కువై బిడ్డకు ప్రమాదం. కలిపినది ఆ రోజే వాడేసి, మిగిలితే పారబోయాలి.

చదువుకునే పిల్లలకు చివరగా రెండు మాటలు. వాడిన సూదులు తెల్ల డబ్బాలోకి, సెట్లూ ఖాళీ బాటిళ్లూ ఎర్ర సంచిలోకి, ఎంత హడావిడిలో ఉన్నా. పక్కన ఊడ్చే అమ్మ చేతికి సూది గుచ్చుకుంటే ఆమెకు చెప్పుకునే దిక్కు కూడా ఉండదు.

ఇంకా, రేపు స్కిల్ ల్యాబుకు పోయేటప్పుడు సెకన్ల ముల్లున్న వాచీ కట్టుకుని పోండి. గ్లవుజులు వేసుకున్న చేత్తో ఫోను తీయలేరు. ఇప్పటి వాచీలు చాలావాటికి ఆ ముల్లు ఉండదు, కొనేటప్పుడు చూసి కొనండి. బస్సులో కూర్చున్నప్పుడు ఆ ముల్లును చూస్తూ నిమిషానికి 21 ఎంత నెమ్మదో, 42 ఎంత తొందరో వేలితో తట్టి చూసుకోండి. పాణ్యం నుంచి నంద్యాల చేరేసరికి రెండు వేగాలూ చేతికి వస్తాయి.